బంతి రన్నర్‌కి తగిలితే ఔటా, కాదా?

ప్రశ్న: మా అబ్బాయి ఆడే వారాంతపు బేస్‌బాల్ లీగ్‌లో మనిషి తక్కువైనప్పుడల్లా నన్ను బేస్ అంపైర్‌గా నిలబెడుతుంటారు. మొన్నటి మ్యాచ్‌లో ఒక ఔట్ అయి ఉంది, ఫస్ట్ మీదా సెకండ్ మీదా రన్నర్లున్నారు. బ్యాటర్ కొట్టిన గ్రౌండర్ (నేలబారున పోయే బంతి) పిచర్ (బంతి వేసేవాడు) పక్కనుంచి దూసుకెళ్ళి, ఫస్ట్ నుంచి సెకండ్‌కి పరిగెడుతున్న రన్నర్ మడమకి తగిలి రైట్ ఫీల్డ్‌వైపు మళ్ళింది. సెకండ్ బేస్‌మన్ ఇంకా అతని వెనకాలే ఉన్నాడు. ఈలోగా సెకండ్ మీదున్నవాడు హోమ్ చేరిపోయాడు. నేను తగిలినవాణ్ణి ఔట్ అన్నాను, పరుగు చెల్లదన్నాను. ‘బంతి పిచర్‌ని దాటిపోయింది కదా, ఇంకా ఔటేమిటి?’ అని వాళ్ళ కోచ్ గొడవ. ‘పాపం, వాడు చూడనేలేదు, కావాలని తగిలించుకున్నాడా?’ అని ఇంకొకాయన. తరవాత ఇన్నింగ్స్‌లో థర్డ్ బేస్ మీద కాలు పెట్టి నిలబడ్డ రన్నర్‌కి బంతి తగిలితే ఏం చెప్పాలో పాలుపోక ఫౌల్ (గీత బయటి బంతి) అనేశాను. ఈ రెంటిలో నేను ఎంతవరకు సరైనది చెప్పాను?

సమాధానం: మొదటిది పూర్తిగా సరైన నిర్ణయం. కోచ్ చెప్పిందీ తప్పే, రెండో ఆయన చెప్పిందీ తప్పే. రెండోది మాత్రం మీరు చెప్పిన వివరాలతో తేలదు. తగిలిన క్షణంలో బంతి ఎక్కడుందో మీ లేఖలో లేదు. ఆ సంగతికి తరవాత వద్దాం.

మేజర్ లీగ్ (అమెరికాలో అగ్రశ్రేణి ప్రొఫెషనల్ బేస్‌బాల్) వాళ్ళ అధికారిక నియమాల్లో దీనికి 5.09(బి)(7), 6.01(ఎ)(11) అనే రెండు చోట్ల సమాధానం ఉంది. 2015లో నియమాలకు కొత్త అంకెలు వేశారు. పాత పుస్తకం పట్టుకుని ‘7.08(ఎఫ్)’ అని వాదించేవాళ్ళు కనబడితే వాళ్ళు చెబుతున్నదీ దీని గురించే. సారం ఇది: ఫెయిర్ బంతి, ఫెయిర్ టెరిటరీలో (హోమ్ నుంచి ఫస్ట్, థర్డ్‌ల మీదుగా సాగే రెండు గీతల మధ్య), ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్) ఎవరినీ తాకకుండా, ఎవరినీ దాటకుండా రన్నర్‌కి తగిలితే ఆ రన్నర్ ఔట్. బంతి ఆ క్షణానే డెడ్, అంటే ఆట ఆగిపోతుంది.

ఇందులో రన్నర్ ఉద్దేశం ప్రసక్తి ఎక్కడా లేదు. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళకి ఇది మింగుడుపడదు. అక్కడ నాన్‌స్ట్రైకర్‌కి బంతి తగిలితే ఆట ఆగదు, కావాలని అడ్డుపడితే తప్ప ఔట్ కాదు. బేస్‌బాల్‌లో ప్రశ్నే వేరు. ‘రన్నర్ తప్పు చేశాడా?’ అని కాదు, ‘ఆ బంతిని పట్టుకునే అవకాశం ఫీల్డింగ్ జట్టుకి దక్కిందా?’ అని అడగాలి. దక్కకముందే రన్నర్ ఒంటికి బంతి తగిలి దారి మళ్ళితే, కళ్ళు మూసుకుని పరిగెత్తినా, తప్పించుకోవాలని ఎగిరినా ఔటే. అవకాశం దక్కి ఫీల్డర్ జారవిడిచాక తగిలితే రన్నర్‌కి ఏ పాపమూ లేదు. మైదానంలో తికమకగా ఉన్నప్పుడు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగానికి పైగా చిక్కులు విడిపోతాయి.

మరి పిచర్‌ని దాటింది కదా? కోచ్ పట్టుకున్న పాయింటు ఇదే. పిచర్ కూడా ఇన్‌ఫీల్డరే గానీ, ‘దాటడం’ లెక్కలో అతన్ని కలపరు. పిచర్ నిలబడేది హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో, వజ్రం (నాలుగు బేస్‌ల మధ్య చతురస్రం) నడిబొడ్డున. మధ్యలోకి వెళ్ళే ప్రతి గ్రౌండరూ అతని పక్కనుంచే పోతుంది. అతన్ని దాటితే చాలనుకుంటే ఈ నియమం ఉన్నా లేనట్టే. కాబట్టి పిచర్‌ని తాకకుండా పక్కనుంచి పోయిన బంతి రన్నర్‌కి తగిలితే ఔటే. అదే బంతి పిచర్ గ్లవ్ అంచుకి గీసుకున్నా, అతని కాలికి కొట్టుకుని మళ్ళినా కథ మారిపోతుంది. తాకడం విషయంలో పిచర్‌కి మినహాయింపు లేదు. ఫీల్డర్ తాకిన బంతి ఆపైన రన్నర్‌కి తగిలితే ఔట్ కాదు, ఆట నడుస్తూనే ఉంటుంది. మళ్ళిన బంతి రన్నర్‌కి తగలడం వేరు, ఆ బంతిని ఏరుకుంటున్న ఫీల్డర్‌కి రన్నర్ అడ్డుపడటం వేరు. రెండోదానికి వేరే నియమం ఉంది, అక్కడ కావాలని చేశాడా అన్నది చూడరు. ఫీల్డర్‌కి దారి ఇవ్వాల్సింది రన్నరే.

మీ మొదటి ఘటనకి ఈ కొలత పెట్టి చూడండి. బంతి పిచర్‌ని తాకలేదు. సెకండ్ బేస్‌మన్ రన్నర్ వెనక ఉన్నాడు, అంటే బంతి అతని దాకా రానేలేదు. రన్నర్ ఔట్. ఇక మిగతావాళ్ళని ఎక్కడ నిలబెట్టాలి? బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ ఇస్తారు, అతన్ని ఎవరూ ఔట్ చేయడానికి లేదు. మిగిలిన రన్నర్లు పిచర్ బంతి వేసినప్పుడు ఎక్కడున్నారో అక్కడికే తిరిగి వెళ్ళాలి, బ్యాటర్ వచ్చి కూర్చోవడం వల్ల జరగక తప్పనివాళ్ళు తప్ప. మీ ఆటలో బ్యాటర్ ఫస్ట్‌కి వచ్చాడు, ఫస్ట్ మీదివాడు ఔటయ్యాడు, కాబట్టి సెకండ్ మీదివాణ్ణి వెనకనుంచి నెట్టేవాడెవడూ లేడు. హోమ్ దాకా పోయినవాడు మళ్ళీ సెకండ్‌కి రావాల్సిందే. రెండు ఔట్లు, ఫస్ట్, సెకండ్‌ల మీద రన్నర్లు. పరుగు లేదు. మీరు అదే చెప్పారు.

ఈ వెనక్కి పంపే లెక్కలో తడబడేది ఎక్కువగా మూడు బేస్‌లూ నిండి ఉన్నప్పుడు. ఫస్ట్ మీదివాడికి తగిలిందనుకోండి. అతను ఔట్, బ్యాటర్ ఫస్ట్‌కి, సెకండ్, థర్డ్ వాళ్ళు ఉన్నచోటే. సెకండ్ మీదివాడికి తగిలితే బ్యాటర్ ఫస్ట్‌కి, ఫస్ట్ మీదివాడు తప్పనిసరిగా సెకండ్‌కి. థర్డ్ వాడు మాత్రం కదలడు, ఎందుకంటే అతని వెనక బేస్ ఖాళీ అయింది. అందరూ ఒక్కో బేస్ జరగాలని బెంచ్ మీంచి కేకలు వినపడేది ఇక్కడే, వినకండి. థర్డ్ మీదివాడికి తగిలితే అతను ఔట్, మిగతా ఇద్దరూ ఒక్కో బేస్ జరుగుతారు, బేస్‌లు మళ్ళీ నిండుతాయి. ఎవరికి తగిలినా పరుగు మాత్రం రాదు. అప్పటికే రెండు ఔట్లయి ఉంటే ఇది మూడోది, ఇన్నింగ్స్ ముగిసినట్టే. బ్యాటర్ తన వంతు పూర్తిచేసినట్టు లెక్క, తరవాతి ఇన్నింగ్స్ అతని తరవాతివాడితో మొదలవుతుంది.

ఒకే బంతి ఇద్దరు రన్నర్లకి తగిలితే మొదటివాడే ఔట్. అతనికి తగలగానే బంతి డెడ్ అయిపోయింది కాబట్టి రెండోవాడికి తగిలింది లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు కష్టమైన మాట, ‘దాటడం’. ఫీల్డర్ కాళ్ళ మధ్యనుంచిగానీ గ్లవ్ కిందనుంచిగానీ బంతి జారి, సరిగ్గా అతని వెనకాలే ఉన్న రన్నర్‌కి తగిలితే ఔట్ కాదు. నియమం ఇక్కడ అంపైర్ మీద రెండు బరువులు పెడుతుంది. బంతి నిజంగా ఆ ఫీల్డర్‌ని దాటిందని మీకు నమ్మకం కుదరాలి. ఆ బంతి మీద ఇంకో ఇన్‌ఫీల్డర్‌కి అవకాశం లేదనీ కుదరాలి. రెండోది చాలామంది మరిచిపోతారు. థర్డ్ బేస్‌మన్ బంట్ (బ్యాట్ ఊపకుండా మెల్లగా తట్టిన బంతి) వస్తుందేమోనని ముందుకొచ్చి నిలబడ్డాడు, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) తన మామూలు చోట లోతుగా ఉన్నాడు. బంతి థర్డ్ బేస్‌మన్ చేతి కిందనుంచి పోయి, సెకండ్ నుంచి థర్డ్‌కి వస్తున్న రన్నర్‌కి తగిలింది. షార్ట్‌స్టాప్ ఆ బంతి దారిలోకి వచ్చేస్తున్నాడు. ఇక్కడ రన్నర్ ఔటే. ఒక ఫీల్డర్‌ని దాటినంత మాత్రాన సరిపోదు, వెనకనున్నవాడి అవకాశం ఇంకా బతికే ఉంది.

ఇంకో దృశ్యం. థర్డ్ మీద రన్నర్ ఉన్నాడని, పరుగు ఆపడానికి నలుగురు ఇన్‌ఫీల్డర్లూ గడ్డి అంచుదాకా ముందుకొచ్చారు. షార్ట్‌స్టాప్‌కీ థర్డ్ బేస్‌మన్‌కీ మధ్య, ఇద్దరికీ అందనంత దూరంలో బంతి దూసుకుపోయి, వాళ్ళ వెనకాల సెకండ్ నుంచి కదిలిన రన్నర్‌కి తగిలింది. వెనక ఇంకెవరూ లేరు. దాటిందా, లేదా? అంపైర్లు ఇక్కడ రెండు పక్షాలుగా చీలిపోతారు. ఫీల్డర్ల మధ్య ఒక దారం కట్టినట్టు ఊహించుకుని, బంతి ఆ దారం దాటితే చాలు, దాటినట్టే అంటారు ఒకరు. వాళ్ళ లెక్కన ఇది నాటౌట్. అలా కాదు, ఫీల్డర్ ఒక అడుగు వేసి చేయి చాపితే అందేంత దగ్గరనుంచి పోతేనే ‘దాటినట్టు’, లేకపోతే అతనికి అవకాశమే రానట్టు అంటారు రెండోవారు. వాళ్ళ లెక్కన ఔట్. ప్రొఫెషనల్ ఆటలో నడిచేది రెండో పద్ధతే. నియమంలో ‘సరిగ్గా అతని వెనకాలే’ అన్న మాటలకి అర్థం ఉండాలంటే కూడా అదే సబబు. కానీ పిల్లల లీగులూ స్కూలు పోటీలూ సొంత నియమ పుస్తకాలతో ఆడతాయి. అక్కడి మాటలు వేరుగా ఉంటాయి, వ్యాఖ్యానాలూ వేరుగా ఉంటాయి. మీ లీగ్ ఏ పుస్తకం వాడుతుందో, ఈ విషయంలో ఏ పద్ధతి పాటిస్తుందో ప్లేట్ అంపైర్‌ని మ్యాచ్‌కి ముందే అడిగి పెట్టుకోండి. బంతి తగిలాక మైదానం మధ్యలో ఇద్దరు అంపైర్లు చర్చించుకోవడం ఎవరికీ అందంగా ఉండదు.

ఔట్ కాదని తేలినప్పుడు ఒక చిన్న పని ఉంది. ఊరుకోకుండా రెండు చేతులూ అడ్డంగా చాపి, ‘ఏమీ లేదు, ఆడండి’ అని గట్టిగా చెప్పాలి. లేకపోతే తగిలిన రన్నర్ తాను ఔటనుకుని బెంచ్‌వైపు నడుస్తాడు, ఫీల్డర్లేమో బంతి వదిలేసి మీవైపు చూస్తుంటారు. ఔటైతే దీనికి తలకిందులు. తగిలిన క్షణమే చేతులు పైకెత్తి ‘టైమ్!’ అని అరవాలి, తరవాత రన్నర్‌ని వేలితో చూపించి ఔట్ ఇవ్వాలి, ఆ తరవాతే మిగతావాళ్ళని వాళ్ళ బేస్‌లకి పంపాలి. ఈ వరస తప్పితే ముప్పు. ఔట్ మాత్రం చెప్పి డెడ్ అని చెప్పకపోతే అందరూ ఆడుతూనే ఉంటారు, ఇంకో రెండు త్రోలూ ఒక ట్యాగూ (బంతి ఉన్న చేత్తో రన్నర్‌ని తాకడం) జరిగాక వాటన్నిటినీ రద్దు చేయాల్సివస్తుంది.

ఇక మీ థర్డ్ బేస్ సంగతి. బేస్ మీద కాలుంటే రక్షణ అనేది ట్యాగ్ విషయంలో నిజం. కొట్టిన బంతి విషయంలో కాదు. ఫెయిర్ బంతి తగిలితే బేస్ మీదున్నా ఔటే. దీనికి ఒక్కటే మినహాయింపు, ఇన్‌ఫీల్డ్ ఫ్లై. రెండు ఔట్ల కంటే తక్కువగా ఉండి, ఫస్ట్, సెకండ్ లేదా మూడు బేస్‌లూ నిండి ఉన్నప్పుడు ఇన్‌ఫీల్డర్ సులువుగా పట్టగలిగిన ఫెయిర్ ఫ్లై గాల్లోకి లేస్తే అంపైర్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటిస్తాడు. లైన్ డ్రైవ్ (గాల్లో నేరుగా దూసుకెళ్ళే బంతి), బంట్ ఇందులోకి రావు. అలా ప్రకటించిన బంతి బేస్ మీదున్న రన్నర్ నెత్తిన పడితే రన్నర్‌కేమీ కాదు, బ్యాటర్ మాత్రం ఔట్. బేస్ వదిలి ఉన్నవాడి మీద పడితే ఇద్దరూ ఔట్.

మీరు ఫౌల్ అన్నారు. అది సరైనదా కాదా అన్నది బంతిని బట్టి ఉంటుంది, రన్నర్ కాళ్ళని బట్టి కాదు. తగిలిన క్షణంలో బంతి గీతకి ఏ పక్కనుందో చూడాలి. గీత కూడా ఫెయిరే. థర్డ్ బేస్ బ్యాగ్ మొత్తం ఫెయిర్ టెరిటరీలోనే ఉంటుంది. కాబట్టి బ్యాగ్ మీద నిలబడ్డవాడి లోపలి కాలికి, బ్యాగ్ మీదుగా వస్తున్న బంతి తగిలితే చాలావరకు అది ఫెయిర్, అతను ఔట్. ఒక కాలు బ్యాగ్ మీద పెట్టి ఒళ్ళంతా ఫౌల్ వైపు వాల్చినవాడి బయటి భుజానికి గీత అవతల తగిలితే అది ఫౌల్ బంతి, ఎవరూ ఔట్ కారు. అరుదుగా మూడో రకం కూడా వస్తుంది. బంతి నేలకి కొట్టుకుని బ్యాగ్ మీదుగా ఫెయిర్‌గా దాటేసి, ఆపైన ఫౌల్ వైపు వంగి అక్కడున్న రన్నర్‌కి తగులుతుంది. బంతి ఫెయిరే, కానీ తగిలింది ఫౌల్ టెరిటరీలో. ఔట్ కాదు, ఆట సాగుతుంది.

థర్డ్ మీది రన్నర్లని కోచ్‌లు గీతకి బయట, అంటే ఫౌల్ వైపు అడుగులేస్తూ లీడ్ తీసుకోమంటారు (బేస్ వదిలి హోమ్ వైపు కాస్త జరగమంటారు). కారణం ఇదే. అక్కడ తగిలితే ఉత్త ఫౌల్. తిరిగి బ్యాగ్‌కి వచ్చేటప్పుడు మాత్రం గీత లోపలి వైపునుంచి రమ్మంటారు. అలా వస్తే హోమ్ దగ్గరుండే క్యాచర్‌కీ థర్డ్ బేస్‌మన్‌కీ మధ్య త్రో దారిలో రన్నర్ ఒళ్ళు అడ్డుంటుంది. విసిరిన బంతికీ కొట్టిన బంతికీ న్యాయం వేరు. విసిరిన బంతి తగిలితే, కావాలని అడ్డుకున్నాడని తేలితే తప్ప ఔట్ ఇవ్వరు. 1978 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) నాలుగో ఆటలో డాడ్జర్స్ షార్ట్‌స్టాప్ బిల్ రసెల్ ఫస్ట్‌కి విసిరిన బంతి యాంకీస్ రన్నర్ రెజీ జాక్సన్ తుంటికి తగిలి మళ్ళిపోయింది, పరుగు వచ్చింది. కావాలని తుంటి కదిపాడని డాడ్జర్స్ మొత్తుకున్నా అంపైర్లు ఒప్పుకోలేదు. అక్కడ వాదనంతా ఉద్దేశం చుట్టూ నడిచింది. అదే బ్యాట్ నుంచి నేరుగా వచ్చిన బంతైతే వాదనకే తావుండేది కాదు.

కొట్టిన బంతిలో ఉద్దేశం లెక్కకొచ్చే సందర్భాలు లేకపోలేదు. ఫీల్డర్ జారవిడిచిన బంతిని రన్నర్ కావాలని తన్నితే, దాటిపోయిన బంతే అయినా అతను ఔట్. రెండోది ఇంకా కఠినం. డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు ఔట్లు) చెడగొట్టాలని స్పష్టంగా తెలిసేలా బంతిని అడ్డుకుంటే రన్నర్‌తో పాటు బ్యాటర్ కూడా ఔట్. ఈ నియమం పుట్టడానికి కారణం 1957 ఏప్రిల్‌లో సిన్సినాటి, మిల్వాకీ జట్ల మధ్య ఆట. సెకండ్ మీదున్న సిన్సినాటి రన్నర్ డాన్ హోక్, షార్ట్‌స్టాప్ వైపు వెళుతున్న గ్రౌండర్‌ని దారిలోనే వట్టి చేత్తో పట్టుకుని, షార్ట్‌స్టాప్ జానీ లోగన్‌కి తీరుబడిగా అందించాడు. అప్పటి పుస్తకం ప్రకారం హోక్ ఒక్కడే ఔట్, బంతి డెడ్, బ్యాటర్ వాలీ పోస్ట్‌కి ఫస్ట్ బేస్, పైగా అతని ఖాతాలో ఒక హిట్ (బేస్ చేర్చిన దెబ్బ). రెండు ఔట్లు రావాల్సిన చోట ఒక్కటే వచ్చింది. తెలివిగల పనే, కానీ కొద్ది రోజుల్లోనే లీగ్ అధ్యక్షులు ఆ సందు మూసేశారు.

మీరు నిలబడేది బేస్ అంపైర్‌గా కాబట్టి ఇంకొకటి చెప్పాలి, బంతి మీకే తగలొచ్చు. రన్నర్లున్నప్పుడు బేస్ అంపైర్ వజ్రం లోపల, పిచర్ వెనకాల నిలబడే పద్ధతి మీ లీగ్‌లో ఉంటే ఇది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. పిచర్ తాకకుండా అతన్ని దాటి వచ్చి, మరే ఇన్‌ఫీల్డర్‌నీ దాటకముందు ఫెయిర్ బంతి మీకు తగిలితే డెడ్. బ్యాటర్‌కి ఫస్ట్, జరగక తప్పని రన్నర్లకి ఒక్కో బేస్, ఎవరూ ఔట్ కారు. పిచర్‌కి తగిలి మళ్ళి మీకు తగిలితే, లేదా ఇన్‌ఫీల్డర్‌ని దాటాక తగిలితే, ఆట సాగుతుంది. తగిలిందని కంగారుపడి అలవాటుగా ‘టైమ్’ అనకండి. మీ గురించి మీరే తీర్పు చెప్పుకోవాలి కాబట్టి ఇది కాస్త ఇబ్బందికరమైన నిర్ణయమే.

బ్యాటర్‌కి తన బంతే తగలడం గురించి మీరు అడగలేదు గానీ, బంట్లు ఎక్కువగా ఆడే పిల్లల ఆటలో ఇది తరచు వస్తుంది. బాక్స్‌లో (బ్యాటర్ నిలబడే గీతల గడిలో) సరిగ్గా నిలబడి ఉండగా తగిలితే, కావాలని చేయనంతవరకు, ఫౌల్. బాక్స్ వదిలి పరుగు అందుకున్నాక ఫెయిర్ బంతి తగిలితే బ్యాటర్ ఔట్. రన్నర్ తల మీంచి జారి నేల మీద పడిన హెల్మెట్‌కి ఫెయిర్ బంతి అనుకోకుండా తగిలితే మాత్రం ఏమీ లేదు, ఆట నడుస్తుంది. తల మీదున్న హెల్మెట్‌కి తగిలితే అది రన్నర్‌కి తగిలినట్టే.

స్కోర్ రాసేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి, ఎందుకంటే వాళ్ళు సాధారణంగా దీన్ని ఫీల్డర్స్ ఛాయిస్‌గా (ఫీల్డర్ బ్యాటర్‌ని వదిలి వేరే రన్నర్‌ని ఔట్ చేయబోయినట్టు) రాసేస్తారు. ఫీల్డర్ తాకని ఫెయిర్ బంతి రన్నర్‌కి తగిలి ఔటైతే బ్యాటర్‌కి హిట్ రాయాలి. ఇన్‌ఫీల్డ్ ఫ్లై అయితే రాయకూడదు. పుటౌట్ (ఔట్ చేసిన ఘనత) బంతికి అందరికంటే దగ్గరున్న ఫీల్డర్‌కి వేస్తారు, అతను బంతిని ముట్టకపోయినా. మీ మొదటి ఘటనలో అది సెకండ్ బేస్‌మన్‌కి. అప్పటిదాకా ఆ పిచర్ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా వేస్తూ వచ్చినా సరే, రన్నర్ మడమకి తగిలిన ఆ బంతితో నో-హిట్టర్ పోయినట్టే.